రత్నబాబు చేతి తూటాలు

ఏందీ, వొద్దన్నావా? సుగుణ పచ్చడి తెస్తానంటే నువ్వు వొద్దన్నావా? ఒరే చక్రీ, ఆ ఉల్లిపాయలు ఇటు తెచ్చుకో, ఇక్కడ కూర్చుని తరుగు. అసలేమన్నావో మాట పొల్లు పోకుండా చెప్పు. "నేను షాపులో కొనుక్కుంటాలే ఆంటీ, మీకెందుకు శ్రమ." అట్టా అన్నావు. చర్చి గుమ్మంలో, పదిమందిలో. ఆమేమంది? ఏమీ అనలా? నవ్వి ఊరుకుందా? అయ్యో ప్రభువా. నవ్విందంటే నాకు ఇంకా భయమేస్తోంది. లేదులే, నువ్వు మర్యాదకే అన్నావు, నాకు తెలుసు. మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్లోడివి, నా పైగదిలో అద్దెకుంటున్నావు, వచ్చి ఏడాది కూడా నిండలా, ఆ ఇంటి సంగతి నీకెట్టా తెలుస్తది. కానీ ఆమె ముందు "షాపులో కొనుక్కుంటా" అనే మాట... అనకూడని మాటరా. మధ్యాహ్నం ఇటు వస్తానందా? సరే, వచ్చేలోపు రత్నబాబు సంగతి చెప్తా. ఆమె మొగుడు. పోయి చాలా ఏళ్ళయింది. సన్నగా తరుగు, అంత లావు ముక్కలు నా పళ్ళ సెట్టుకి పడవు. ఆ పళ్ళ సెట్టు కూడా ఈ కథలోకి వస్తది, చూస్తా ఉండు.

రత్నబాబుది రేపల్లె. మాది బాపట్ల. అక్కడుంటే ఆ ఊరు వేరు ఈ ఊరు వేరు, ఈ షెఫీల్డ్ కొచ్చాక మాత్రం రెండూ ఒకే వీధి కింద లెక్క. సుగుణ ఇక్కడ పెద్దాసుపత్రిలో నర్సు. రత్నబాబుకి అదే ఆసుపత్రిలో, ఆపరేషన్ కత్తులూ కత్తెర్లూ కడిగి, ఆవిరిలో పెట్టి, మూటగట్టే డిపార్టుమెంటులో పని. పొట్టిగా ఉండేవాడు, గట్టి మనిషి, నడుస్తుంటే ఎవరో వెనకనుంచి పిలుస్తున్నట్టు గబగబా. అతనికి కొలత పిచ్చి. కారం తూకమేసేవాడు, ఆవాలు తూకమేసేవాడు, చివరికి టీ ఆకు కూడా. నేను నవ్వేవాణ్ణి. "ఏం బాబూ, టీ పెడుతున్నావా, మాత్రలు కడుతున్నావా?" అంటే, "జోనాథనన్నా, నిన్నటి టీ బాగుందన్నావు గదా, అదే టీ ఇవాళా ఇయ్యాలంటే లెక్కుండాలి" అనేవాడు. అదీ మనిషి. రొయ్యల పచ్చడి పెట్టేవాడు. సుగుణ గాదు, ఇతనే. మార్కెట్లో రొయ్యలు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసి కొనేవాడు, ఆ చేపల షాపాయన ఇతన్ని చూస్తే తల పట్టుకునేవాడు. పచ్చడి సీసాల మీద ఆసుపత్రి టేపు అంటించేవాడు. తెల్లగా ఉంటదిరా ఆ టేపు, ఆవిరి తగిలితే దాని మీద నల్లచారలు తేలతయ్యి, లోపలి కత్తులు శుభ్రమైనట్టు గుర్తు. టేపు చుట్ట అయిపోయే ముందు మిగిలిన ముక్కలు పారేస్తారు గదా, అవి తెచ్చుకుని, పెన్నుతో ఆర్.బి. అని రాసి ప్రతి సీసాకీ అంటించేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ఒక సీసా చేతిలో పెట్టి పంపేవాడు. పోస్టాయనకి కూడా ఇచ్చాడు. కౌన్సిల్ నుంచి ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ చూడ్డానికొచ్చిన పిల్లకీ ఇచ్చాడు, పాపం అది ఏం చేసుకుందో. షాపు సీసా ఆ ఇంటి గడప దాటలా. ఎవరైనా వొద్దంటే చాలు, అతని మొహం చూడాలి నువ్వు. కోపం గాదు. చలికాలంలో కోటు లాగేసుకున్నట్టు అయిపోయేవాడు. అందుకని ఎవరూ వొద్దనేవాళ్ళు కాదు.

కీతు కూడా అనేవాడు కాదు. కీతు ఎవరంటే, ఇక్కడివాడే, తెల్లాయన, ఆసుపత్రి వ్యాను నడిపేవాడు. నడవలేని పేషెంట్లని ఇళ్ళనుంచి తెచ్చి, మళ్ళీ ఇళ్ళలో దించే వ్యాను. ముసలమ్మలందరికీ కీతే కావాలి, వేరే డ్రైవరొస్తే ఎక్కమని మొరాయించేవాళ్ళు. మొదటిసారి నన్ను చూసి "ఆల్‌రైట్, లవ్?" అన్నాడు. నేను బిత్తరపోయా. మగాడు మగాణ్ణి లవ్ అంటాడేందిరా! ఇంటికొచ్చి మా ఇంటావిడకి చెప్తే ఆమె పడీ పడీ నవ్వింది. ఇక్కడంతేనంట, బస్సు డ్రైవర్ నుంచి డాక్టరు క్లినిక్కులో రిసెప్షన్ ఆమె దాకా అందరికీ అందరూ లవ్వే. ఆ కీతు ప్రతి ఆదివారం మన ఆరాధన అయిపోయే టైముకి రత్నబాబు ఇంటికి భోజనానికొచ్చేవాడు. అన్నం తినేవాడు కాదు, టోస్టు కాల్చుకుని, వెన్న రాసి, దాని మీద రొయ్యల పచ్చడి పూసుకునేవాడు. చెవులు ఎర్రబడి, ముక్కు కారుతా ఉండేది, అయినా మళ్ళీ పూసుకునేవాడు. ఒకసారి నేనడిగా, "కీతూ, కారం తట్టుకోలేకపోతే ఆపొచ్చుగదయ్యా." అతను రత్నబాబు వినకుండా నా చెవిలో అన్నాడు, "చచ్చినా ఆ మొహం చూసి వొద్దనలేను, లవ్." ఆ మాట గుర్తుపెట్టుకో. పచ్చడి నిజంగానే ఇష్టం అతనికి, అది వేరే సంగతి. కానీ ఇష్టం లేకపోయినా తినేవాడే.

ఈ కీతే రత్నబాబుని రైఫిల్ క్లబ్బుకి తీసుకెళ్ళాడు. అట్టా చూడబాక, దొంగపని గాదు. ఇక్కడ పద్ధతి ప్రకారం లైసెన్సు ఉంటది, పోలీసులు ఇంటికొచ్చి చూస్తారు, ఇనప బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. రత్నబాబు మన దగ్గర కాలేజీలో ఎన్‌సీసీ చేశాడు, ఆ మోజు పోలా. ఊరు దాటి కొండల్లోకి పోతే గాలి తప్ప ఇంకేమీ లేని చోట ఒక రేకుల షెడ్డు, ఎదురుగా మట్టిదిబ్బ, దాని ముందు అట్టబొమ్మలు. జంతువుల్ని కొట్టడం గాదు, కాయితాన్ని కొట్టడం. ఏడాది తిరక్కుండా రత్నబాబు అందరికంటే దగ్గర దగ్గరగా కొట్టడం మొదలెట్టాడు. ఎట్టాగంటే, అందరూ ఫ్యాక్టరీ తూటాలు డబ్బాల్లో కొనుక్కునేవాళ్ళు, ఇతను కొన్నాళ్ళకే సొంతంగా చెయ్యడం నేర్చుకున్నాడు. అక్కడ చాలామంది చేస్తారంట. ఇంట్లో చిన్న గదిలో ఒక పక్క పచ్చడి సీసాల అర, ఇంకో పక్క బల్ల, బల్లకి బిగించిన ఒక మీట. నన్ను కూర్చోబెట్టి చూపించేవాడు. నాకా తుపాకులంటే బెరుకు, అయినా రిటైరైనవాణ్ణి, ఎక్కడికి పోతా? ఇత్తడి గొట్టం, అడుగున నిప్పు పుట్టే బిళ్ళ, లోపల మందు, మూతి దగ్గర గుండు. సీసాకి బిరడా పెట్టినట్టు గుండుని మూతిలోకి నొక్కుతారు. ఎంత లోపలికి నొక్కుతావు, ఎంత బయట ఉంచుతావు, మొత్తం కథ అందులోనే ఉందనేవాడు.

"జోనాథనన్నా," అనేవాడు, "ఫ్యాక్టరీవాడు గుండుని లోపలికి నొక్కి పెడతాడు. ఎందుకని? వాడు చేసింది ఏ తుపాకీలో పెట్టినా పట్టాలి గదా. అంటే ఎవరి తుపాకీకీ సరిగ్గా సరిపోదు, ఎవరి తుపాకీలోనూ ఇరుక్కోదు. నేనట్టా గాదు. నా తుపాకీ పాతది, గొట్టం లోపల గుండుని మెలి తిప్పే గాట్లుంటయ్యే, అవి అరిగి ముందుకు జరిగినయ్యి. అందుకని నేను గుండుని బయటికి పెడతా, గాట్లకి ఇంత దగ్గర్లో ఆగేటట్టు" అని కాలిపర్, సందులు కొలిచే పనిముట్టు, తెరిచి చూపించేవాడు. ఇరవై వెయ్యోవంతులంట అంగుళంలో. నాకేం కనపడింది? మామూలు గీత కూడా లేదు ఆ సందులో, వెలుతురు కూడా మొహమాటపడి దూరినట్టుంది. నేను నా భాషలో అడిగా. "అంటే బాబూ, ఇది నా పళ్ళ సెట్టు లాంటిదన్నమాట. నా నోటికి కొలిచి చేసింది, నా నోట్లో బ్రహ్మాండంగా ఉంటది, నీ నోట్లో పెట్టుకుంటే దవడ పగులుద్ది." రత్నబాబు పడీపడీ నవ్వాడు. మీట మీద తల పెట్టుకుని నవ్వాడు. "కరెక్టన్నా! కరెక్ట్! ఇంత బాగా మా క్లబ్బులో కూడా ఎవడూ చెప్పలా" అన్నాడు. క్లబ్బు షెడ్డులో గోడకి బోర్డు కూడా ఉండేది, ఇంకొకరు చేసిన తూటా వాడకూడదని. అదిరా నేను చెప్పేది. అతనికి తెలుసు. తెలియకపోతే ఒక దారి. పళ్ళ సెట్టు మాటకి నవ్వింది అతనే. కరెక్టన్నది అతనే. ఇప్పటికి పదేళ్ళు, నాకు ఇంకా మింగుడుపడదు.

రెండువేల తొమ్మిదో ఏడు, ఎండాకాలం. పక్క జిల్లా క్లబ్బుతో పోటీ పెట్టుకున్నారు. రత్నబాబు పేరుంది, కీతు పేరుంది. ఆ వారం డ్యూటీల చార్టు మారి రత్నబాబుకి శనివారం షిఫ్టు పడింది. ముందు ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడు, రాలేనని. కీతు పచ్చడి టోస్టు నములుతా, తను తుపాకీకి కొత్త బ్యారెల్, అదే గొట్టం, బిగించుకున్నాననీ, ఫ్యాక్టరీ తూటాలు ఒక డబ్బా కొన్నాననీ చెప్పాడు. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు కూడా. ఆ డబ్బా వంక రత్నబాబు చూసిన చూపు, నాకు ఇప్పుడర్థమవుతోంది, అది తుపాకీ మనిషి చూపు గాదు. తన బల్ల మీదికి షాపు సీసా వచ్చినప్పుడు చూసే చూపు. లేచి లోపలికెళ్ళి, చిన్నగదిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. దాని మీద అదే టేపు, అదే ఆర్.బి. "నేను రాకపోతేనేం, నావి వస్తయ్యి. ఆ ఫ్యాక్టరీవి ఎందుకు కీతూ మనకి, ఇంట్లో చేసినవి ఉండగా?" అన్నాడు. నేనక్కడే ఉన్నా, మజ్జిగ కలుపుకుంటున్నా. సుగుణ కూడా, "తీసుకో కీత్, తీసుకో" అని రెండు మొట్టికాయలేసినంత పని చేసింది, ఆమెకి అది పచ్చడో తూటాలో తేడా ఏం తెలుసు. కీతు ఒక్క క్షణం ఆ డబ్బా పట్టుకుని ఆగాడు. నేను చూశా. నోరు తెరిచాడు. తర్వాత రత్నబాబు మొహం వంక చూశాడు. "టా, లవ్" అని, థాంక్స్ అనడం అట్టా వాళ్ళు, జేబులో వేసుకున్నాడు. అంతేరా. అంతే జరిగింది. ఇంత పచ్చడి పుయ్యడానికి పట్టినంతసేపు.

శనివారం రత్నబాబు బదులు నన్ను కారెక్కించుకున్నాడు కీతు, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, గాలికిరా" అని. గాలి నిజంగానే కోట్లు ఊడబీకేట్టు ఉంది. నాకు చెవులకి దూదిలాంటి బిళ్ళలిచ్చి వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. థర్మాస్‌లో టీ. కీతు బోర్లా పడుకుని, తుపాకీ మీద గొట్టం లాంటి అద్దం ఉంటదే, దాంట్లోంచి చూడ్డానికి అడ్డమని కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. తూటా పెట్టి మూసేటప్పుడు చెయ్యి కాస్త బలం చేసింది, బిగువుగా ఉన్నట్టుంది, అదీ చూశా. నాకేం తెలుస్తది? కొత్త గొట్టం గదా, కొత్త చెప్పు బిగుతుగా ఉండదూ, అట్టాగనుకున్నా. తర్వాత శబ్దం. ఒరే, ఆ శబ్దం మిగతావాటి లాంటిది గాదు. మిగతావి ముందుకి పోయే శబ్దాలు. ఇది వెనక్కొచ్చింది. మూత పగిలినట్టు ఒక చప్పుడు, పొగ, కీతు పక్కకి దొర్లాడు, మొహం చేతుల్లో. వేళ్ళ సందుల్లోంచి... వొద్దులే, నువ్వు ఉల్లిపాయలు తరుగుతున్నావు. ఎవరో ఈల ఊదారు, అందరూ తుపాకులు కింద పెట్టారు, ఒకామె పరిగెత్తి ఫోను చేస్తోంది. నేను ఎట్టా లేచానో, ఎట్టా వెళ్ళానో తెలవదు, పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నా, ప్రార్థన చేస్తున్నాననుకున్నా గానీ నోట్లోంచి "కీతూ, కీతూ" అనేదే వస్తోంది. అప్పుడు చూశానురా. ఒక చెయ్యి కంటి మీద. ఇంకో చెయ్యి గడ్డిలో తడుముకుంటోంది. కళ్ళజోడు కోసం అనుకుని తీసి చేతిలో పెట్టా, విసిరేశాడు. ఆ ప్లాస్టిక్ డబ్బా దొరికింది. దాని మూత మీద గోరుతో గీకుతున్నాడు. గీకి, గీకి, టేపు ముక్క పీకేశాడు. పీకి నోట్లో పెట్టుకున్నాడు. నోట్లో! మింగాడు! నొప్పికి మతి పోయిందనుకున్నా. బిడ్డ మీద ప్రమాణం, అట్టానే అనుకున్నా.

కుడి కన్ను పోయింది. వెలుతురు, చీకటి, అంతవరకే మిగిలింది. ఒంటికన్నుతో ఆ వ్యాను నడపనివ్వరు, ఫోన్లు ఎత్తే స్విచ్‌బోర్డు దగ్గర కూర్చోబెట్టారు. ముసలమ్మలు అడిగేవాళ్ళంట, మా కీత్ ఏడని. అదంతా తర్వాత. మొదటిరోజే క్లబ్బువాళ్ళూ లైసెన్సు పోలీసాయనా ఆసుపత్రిలో మంచం దగ్గరికొచ్చి, ఆ తూటాలు ఎవరు చేశారని అడిగితే, కీతు చెప్పాడంట, "నేనే చేసుకున్నా. కొత్త గొట్టం కదా, లెక్క తప్పా." రత్నబాబు డ్యూటీ నుంచి పరిగెత్తుకొచ్చేసరికి వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు కూడా. కారిడార్లో నేనే ఎదురయ్యా. ఆ టేపు సంగతి చెప్పా. "పాపం నొప్పికి ఏం చేస్తున్నాడో తెలియలేదు బాబూ, నీ టేపు ముక్క పీకి మింగాడు" అని. రత్నబాబు వింటా గోడకి ఆనుకున్నాడు. అట్టానే జారి కింద కూర్చున్నాడు, యూనిఫాంలో, ఆ పాలిష్ నేల మీద. అప్పుడు నాకు వెలిగింది, ఆ డబ్బా మీద పేరు ఎందుకు ఉండగూడదో. లోపలికెళ్ళి కీతు చెయ్యి పట్టుకుని ఏదో అడిగాడు, గుమ్మం దగ్గర నాకు వినపడింది కీతు గొంతు. "ఊరుకో రత్నా. నాకు ఎట్టాగూ ఇక తుపాకీ లేదు. నీదన్నా ఉండనీ. ఇద్దరి లైసెన్సులు పోయి ఎవరికి లాభం, లవ్?"

ఊరుకునే మనిషా? క్లబ్బు మీటింగు పెట్టారు, ఆ రేకుల షెడ్డులోనే, ఆదివారం మధ్యాహ్నం. సెక్రటరీ పెద్దావిడ, స్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరైందంట, మాట నెమ్మది గానీ చూపు సూది. కీతు కూడా కంటికి కట్టుతో వచ్చి కూర్చున్నాడు. రత్నబాబు లేచి, "అవి నావి. నేను చేసి ఇచ్చినవి" అన్నాడు. ఏమైందనుకున్నావు? ఎవరూ నమ్మలా! నిజంరా, ఒక్కరు కూడా. ఒకాయన వచ్చి ఇతని భుజం తట్టి, "నీ మంచితనం మాకు తెలుసు, కూర్చో" అన్నాడు. ఫ్రెండుని కాపాడ్డానికి అబద్ధమాడుతున్నాడనుకున్నారు. కీతు కూడా "వీడి మాట వినకండి, వీడు పోస్టాయనకి కూడా పచ్చడిస్తాడు" అంటే అందరూ నవ్వారు. కన్ను పోయినవాడు కూర్చుని నవ్వించడం, తప్పు చేసినవాడు నిలబడి ఒప్పుకోనివ్వమని బతిమాలుకోవడం. నాకు నా కళ్ళే నమ్మబుద్ధి కాలా. అప్పుడు రత్నబాబు, "అమ్మా, మిగిలిన తూటాలు మీ దగ్గరున్నయ్యి గదా, కాలిపర్ తీసుకోండి. నేను వాటిని చూడను. అటు తిరుగుతా. పొడవెంతో నేను చెప్తా, మీరు కొలవండి" అని గోడవైపు తిరిగాడు. అదే బోర్డు ఆ గోడకి, ఇంకొకరు చేసింది వాడకూడదని. దాన్ని చూస్తా అంకె చెప్పాడు. ఆవిడ కొలిచింది. ఇంకోటి తీసి కొలిచింది. మళ్ళీ ఇంకోటి. నవ్వులు ఆగిపోయినయ్యి. "నా పాత గొట్టంలో గుండు గాట్లకి ముందే ఆగుద్ది," అన్నాడు గోడతో మాట్లాడుతున్నట్టు. "కీతు కొత్త గొట్టంలో గాట్లు వెనకే మొదలవుతయ్యి. అందులో ఇది కూరుకుపోద్ది. గుండు కదలడానికి చోటుంటే మందు ఒత్తిడి మెల్లగా లేస్తది, చోటు లేకపోతే ఒక్కసారే లేచి వెనక్కి తన్నుద్ది. ఆ ఫ్యాక్టరీ డబ్బా వాడుకుంటే అతని కన్ను ఉండేది. నేను దాన్ని వాడుకోనీలేదు." కీతు వాళ్ళ భాషలో ఏదో తిట్టు తిట్టాడు, పిచ్చి మొద్దూ అన్నట్టు, ఏడుస్తా తిట్టాడు. ఒక్క కంటితో ఏడవడం నేను అప్పుడే చూశా. రత్నబాబు తుపాకీ, లైసెన్సు ఎవరూ అడక్కముందే ఆ బల్ల మీద పెట్టేశాడు.

అయిపోయిందనుకున్నాం. అసలు దెబ్బ ఇంటికొచ్చాక. ఒక ఆదివారం భోజనానికెళితే బల్ల మధ్యలో షాపు సీసా! ఇదిగో మన బల్ల మీదున్న ఇట్టాంటిదే, లండన్లో వెంబ్లీ నుంచి తెప్పించింది, రంగు కాయితం, ఫ్యాక్టరీ ముద్ర. నాకు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. సుగుణ వంక చూశా, ఆమె తల వంచుకుంది. "ఇదేంది బాబూ?" అంటే, "ఎవరికైనా పడుద్దన్నా ఇది. అందరికీ పట్టేటట్టు చేస్తారు" అన్నాడు. చిన్నగదిలో మీట తీసేశాడు సరే, పచ్చడి అర కూడా ఖాళీ. కడిగి బోర్లించిన సీసాలు. ఎవరికీ ఏమీ ఇచ్చేవాడు కాదు. నేను దగ్గితే ఇదివరకు మిరియాల కషాయం కాచి తెచ్చేవాడు, ఇప్పుడు "కెమిస్టు దగ్గర సిరప్ కొనుక్కో అన్నా" అనేవాడు. సుగుణ ఒకసారి వంటింట్లో నాతో అంది, "అన్నయ్యగారూ, కొడుకుని పోగొట్టుకున్నా ఇంత అవ్వడేమో. నా అన్నం పళ్ళెంలో కూడా తన చేత్తో ఏమీ వడ్డించడంలా." కీతు ఆ రోజుల్లో రాలా. కంటికి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. అతను కోపంతో రావట్లేదని రత్నబాబు ఖాయం చేసుకున్నాడు. మేం చెప్తే వినడు.

ఒక ఆదివారం బెల్లు. తలుపు తీస్తే కీతు. మెడలో స్విచ్‌బోర్డు డ్యూటీ కార్డు కూడా తియ్యకుండా వచ్చాడు, బస్సెక్కి. ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడు, టోస్టు కాల్చుకున్నాడు, వెన్న రాసుకున్నాడు. రత్నబాబు షాపు సీసా ముందుకి జరిపాడు. కీతు ఆ సీసాని ఎత్తి, మిగిలిన కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు. "ఇదేందీ?" "ఫ్యాక్టరీది కీతూ. సేఫ్." కీతు అంత గట్టిగా అరవగలడని నాకు తెలవదు. లేచి నిలబడ్డాడు, కుర్చీ వెనక్కి పడింది. "కన్ను పోతే నోరెత్తలా నేను! ఇప్పుడు పచ్చడి కూడా పోగొట్టుకోవాలా?" రత్నబాబు ఆ అరుపుకి... ఏం చేశాడనుకున్నావు? కోటు వేసుకున్నాడు. చెప్పులతోనే, షూ గూడా వేసుకోలా, రొయ్యలు కొనడానికి పోయాడు. ఆదివారం మార్కెట్టేది? సూపర్‌మార్కెట్లో ఫ్రీజర్‌వి తెచ్చాడు. ఫ్రీజర్ రొయ్యలు! రత్నబాబు! సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో. ఆ సాయంత్రమే వేయించి, కలిపి, సీసాకెత్తి, టేపు అంటించి ఆర్.బి. అని రాసి, రెండ్రోజులు ఊరనిచ్చి ఇస్తానన్నాడు. ఇయ్యలా. మర్నాడు డ్యూటీలో, మూటలు కడుతుండగానే గుండె. ఆసుపత్రిలోనే ఉండి కూడా దక్కలా. అంత్యక్రియలు అయ్యాక ఆ సీసా సుగుణే తీసుకెళ్ళి కీతు చేతికిచ్చింది.

ఆ తర్వాత పది రోజులకో ఎప్పుడో కీతుని చూడ్డానికి వాళ్ళ ఫ్లాటుకెళ్ళా. టోస్టు తింటున్నాడు. ముందు ఆ సీసా, సగం పైన అయిపోయింది. నాకూ ఒక ముక్క పుయ్యమన్నా. ఇయ్యలా. సీసా లాక్కుని వొళ్ళో పెట్టుకున్నాడు. "ఏందయ్యా, మా వాడి పచ్చడి మాకు పెట్టవా?" అని వేలు పెట్టి ఇంత నాలిక మీద వేసుకున్నా. ఒరే చక్రీ... ఉప్పు లేదురా అందులో. కొంచెం తక్కువ గాదు. అసలే లేదు. టీ ఆకు తూకమేసే మనిషి. ఆవాలు లెక్కబెట్టే మనిషి. ఉప్పు వెయ్యడం మర్చిపోయాడు. నేను బిక్కచచ్చి కీతు వంక చూస్తే, అతను వేలు పెదాల మీద పెట్టుకుని, "సుగుణకి చెప్పకు, లవ్" అని మిగిలిందంతా టోస్టుకి పూసుకున్నాడు.

ఇప్పుడు సుగుణ పెట్టే పచ్చడి అతని లెక్క ప్రకారమే. కీతుకి ఒక సీసా, నాకొకటి, ఈ ఏడు నీకొకటి అనుకుంది. అదిగో బెల్లు. ఆమే అయ్యుంటది. ఆ షాపు సీసా తీసి... నా చేతికెందుకు, సింకు కింద పెట్టు. తలుపు తియ్యి. రెండు చేతులూ చాపు. ఉల్లిపాయల చేతులైనా పర్లేదు.